మీకు తెలుసా? ఎక్సెల్ దెబ్బకు జన్యువుల పేర్లే మార్చారు!

ఎక్సెల్ అక్షరాలను తనంతట తాను మార్చేస్తుండటంతో శాస్త్రవేత్తలు ఏకంగా మనిషి జన్యువుల పేర్లే మార్చేశారు. ‘మార్చ్1’ అనే జన్యువు పేరు కొడితే, ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుని ‘1-మార్’ చేసేది. ఎక్సెల్‌లో జన్యు జాబితాలు జతచేసిన పరిశోధన పత్రాల్లో సుమారు ఐదో వంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో తేలింది. ఎంత శ్రమ వృథా! చివరికి 2020లో జన్యు నామకరణ సంఘం మార్చ్1ను ‘మార్చ్‌ఎఫ్1’గా, సెప్ట్1ను ‘సెప్టిన్1’గా మార్చింది. ఎక్సెల్ తనంతట తాను చేసే ఈ మార్పిడిని ఆపుకొనే సెట్టింగ్‌ను మైక్రోసాఫ్ట్ 2023లో ఇచ్చింది.

మన డోర్ నంబర్లకూ ఇదే గతి: 3-12 కొడితే డిసెంబరు 3 లాంటి తేదీ అయి కూర్చుంటుంది. నంబరుకు ముందు ఒక్క అపాస్ట్రఫీ (') కొట్టండి, ఉన్నది ఉన్నట్టే ఉంటుంది.