కంప్యూటర్ దానంతటదే ఆగి మొదలవుతోందా?

కిందటి వేసవి మాట. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. విజయవాడ ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. కంప్యూటర్ ముందు కూర్చుని ఆవకాయ ఆర్డర్ల లెక్క రాసుకుంటున్నాను. ఎవరికి ఎన్ని కిలోలు, ఎవరు డబ్బిచ్చారు, ఎవరివ్వాలి... సగం రాశానో లేదో ఠక్కున తెర నల్లబడింది. కరెంటు పోయిందేమోనని పైకి చూస్తే ఫ్యాను తిరుగుతూనే ఉంది! ఇంతలో కంప్యూటర్ దానంతటదే మళ్లీ మొదలైంది. ఏదో అయిందిలే అనుకుని లెక్క మొదట్నించీ రాశాను. పావుగంటకి మళ్లీ అదే తంతు. నాలుగు గంటల్లోపు ముచ్చటగా మూడుసార్లు!

"2020లో కరోనా రోజుల్లో పిల్లల ఆన్‌లైన్ క్లాసులకని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నదేగా. పారేసి కొత్తది కొందాం" అన్నారు మావారు పేపర్లోంచి తలెత్తకుండా. మర్నాడు రిపేరు షాపునించి వచ్చిన అబ్బాయి రెండు నిమిషాలు చూసి, "మదర్‌బోర్డు పోయిందాంటీ, తొమ్మిది వేలవుతుంది. ఫార్మాట్ కూడా కొట్టాలి" అన్నాడు. ఫార్మాట్ అంటే అందులో ఉన్నదంతా తుడిచేయడం. నా గుండె గుభేలుమంది. డబ్బు సంగతి అలా ఉంచండి. అందులో మా అత్తగారున్నారు!

"అదేమిటి?" అంటారేమో. ఆవిడ పోయి రెండేళ్లయింది. చివరి రోజుల్లో హాల్లో మంచంమీద పడుకుని ఊరగాయల కొలతలు ఒక్కొక్కటే చెబుతుంటే, నేను పక్కనే కూర్చుని టైపు చేసుకున్నాను. "గోంగూరలో ఉప్పు నాలిక్కి తెలియాలమ్మాయ్, గ్లాసుకి కాదు" లాంటి మాటలతో సహా! ఆవిడ ఫోటోలు కూడా అందులోనే. ఇంకెక్కడా లేవు.

ఆలోచించి చెబుతానని అబ్బాయిని పంపించేశాను. ఆ రాత్రి మా ఆడపడుచు కొడుక్కి ఫోన్ చేశాను. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. అంతా విని వాడు అడిగింది ఒక్కటే. "అత్తయ్యా, ఏ టైములో ఆగుతోంది? ఏం చేస్తుంటే ఆగుతోంది?" నేను నీళ్లు నమిలాను. "పాల లెక్క రాస్తావు కదా, ఇదీ అలాగే నాలుగు రోజులు రాయి. అంతకంటే ముందు, కావలసినవన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేసుకో" అన్నాడు.

తెల్లవారుజామునే లేచి ముందు ఆ రెండో పని చేశాను. తర్వాత నోట్‌బుక్కులో రాయడం మొదలుపెట్టాను. నాలుగు రోజుల్లో పదకొండుసార్లు ఆగింది. ఒక్కసారి కూడా పొద్దున్న కాదు. అన్నీ మధ్యాహ్నం పన్నెండుకీ నాలుక్కీ మధ్యే! ఆ కాగితం చూశాక నాకే అనిపించింది, ఇది వేడి గొడవేమోనని.

ఎందుకాగుతుంది?

మిక్సీలో గారెల పిండి మరీ గట్టిగా వేస్తే ఏమవుతుంది? టక్కున ఆగిపోతుంది. అడుగున ఉండే చిన్న బటన్ నొక్కితేగానీ మళ్లీ తిరగదు. మోటారు కాలిపోకుండా చేసిన ఏర్పాటది. కంప్యూటరూ అంతే. లోపల లెక్కలన్నీ చేసే ప్రాసెసర్ బాగా వేడెక్కితే ముందు తన వేగం తగ్గించుకుంటుంది. అయినా వేడి తగ్గక సుమారు 100 డిగ్రీలకి చేరితే కాలిపోకుండా ఆగిపోతుంది. కరెంటు సరిగ్గా అందకపోయినా, లోపల ఏ భాగం కదిలిపోయినా, ప్రోగ్రాముల్లో పెద్ద తప్పు దొర్లినా కూడా ఇలాగే ఆగి మొదలవుతుంది. అంటే ఆగడం జబ్బు కాదు, జ్వరంలాంటి లక్షణం. జబ్బేమిటో మీ నోట్‌బుక్కే చెబుతుంది. ఎలాగో చూద్దాం.

ఎండవేళ, ఎక్కువసేపు వాడాక ఆగితే

వేడిని అనుమానించాలి. అయితే ఒక చిక్కుంది. మధ్యాహ్నం వీధిలో ఏసీలన్నీ నడుస్తాయి కాబట్టి ఓల్టేజీ కూడా అప్పుడే పడిపోతుంది. మరి రెండిట్లో ఏది? దానికో చిట్కా ఉంది. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, సి.పి.యు. డబ్బా పక్క తలుపు స్క్రూలు విప్పి తీసేయండి. మళ్లీ ప్లగ్గు పెట్టి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టి, లోపల చెయ్యి పెట్టకుండా ఎప్పటిలాగే పని చేసుకోండి. ఆగడం మానేసిందా? వేడే దొంగ! అయినా ఆగుతుంటే కరెంటు వైపు చూడాలి. పిల్లలున్న ఇంట్లో మాత్రం తలుపు తీసిన కంప్యూటర్ దగ్గర్నించి కదలకండి. డబ్బాకి ఇంకా గ్యారంటీ ఉంటే అసలు తెరవొద్దు, కంపెనీవాళ్లనే పిలవండి.

మా ఇంట్లో తలుపు తీయగానే నాకు నోట మాట రాలేదు. ప్రాసెసర్ మీది ఫ్యానూ, దాని కింద అల్యూమినియం రేకులూ కనబడితేగా! దూది పరిచినట్టు బూడిదరంగు దుమ్ము. మా కంప్యూటర్ బల్ల వంటింటి గుమ్మం పక్కనే. పోపుల పొగ, నూనె జిడ్డు, దానిమీద దుమ్ము... ఆపైన సి.పి.యు.ని బల్ల కింద అరలో పెట్టి తలుపు మూసేశాం. ఇక దానికి గాలెక్కడిది?

దుమ్ము దులపాలంటే:

ప్లగ్గు తీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు చాలావరకు పోతుంది. డబ్బా ఇనప భాగాన్ని ఒకసారి ముట్టుకోండి. మన ఒంట్లో ఉండే కొద్దిపాటి స్టాటిక్ కరెంటుక్కూడా లోపలి చిప్పులు పాడయ్యే అవకాశం ఉంది.

మెత్తటి కొత్త పెయింటు బ్రష్షుతో రేకుల మధ్య దుమ్ము మెల్లగా లాగండి. ఫ్యాను రెక్కని వేలితో పట్టుకునే దులపండి, గిరగిరా తిప్పకండి. తడిగుడ్డ వద్దు. వాక్యూమ్ క్లీనర్ కూడా వద్దు, దాంతోనూ స్టాటిక్ పుడుతుంది.

వెనకవైపు కరెంటు తీగ వచ్చే ఇనప పెట్టె ఉంటుంది చూశారూ, దాన్ని ఎస్.ఎం.పి.ఎస్. అంటారు. ఎట్టి పరిస్థితిలోనూ విప్పకండి. ప్లగ్గు తీశాక కూడా అందులో షాకు కొట్టేంత కరెంటు మిగిలి ఉంటుంది.

దులిపినా వేడి తగ్గకపోతే ప్రాసెసర్‌కీ రేకులకీ మధ్య రాసే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉండొచ్చు. తెల్లగానో బూడిదరంగులోనో ఆయింట్‌మెంటులా ఉంటుంది. రేకులు ఊడదీస్తేగానీ రాయలేం కాబట్టి ఆ పని తెలిసినవాళ్లకే వదిలేయండి.

ఫ్రిజ్ ఆన్ అయినప్పుడు, కరెంటు పోయి వచ్చినప్పుడు ఆగితే

ఇది కరెంటు గొడవ. మనింటికొచ్చే కరెంటు 230 ఓల్టులు. దాన్ని ఎస్.ఎం.పి.ఎస్. 12, 5, 3.3 ఓల్టులుగా మార్చి లోపలి భాగాలకిస్తుంది. ఫ్రిజ్, మిక్సీ, ఇస్త్రీపెట్టె, కంప్యూటర్ అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలిస్తే, మోటారు మొదలైన క్షణంలో ఓల్టేజీ ఒక్కసారి జారుతుంది. లైటు మసకబారడం మీరు చూసే ఉంటారు. ఆ క్షణమే కంప్యూటర్‌కి ముప్పు. దానికి విడిగా గోడ ప్లగ్గు ఇవ్వండి. ప్లగ్గు వదులుగా ఊగుతున్నా, ముట్టుకుంటే వేడిగా ఉన్నా, చిటపటమన్నా సాకెట్ మార్పించండి. డబ్బా ముట్టుకుంటే జివ్వుమంటోందంటే ఎర్తింగ్ సరిగ్గా లేదన్నమాట. ఎలక్ట్రీషియన్‌ని పిలవడం వాయిదా వేయకండి.

కరెంటు పోయినప్పుడే ఆగుతుంటే యు.పి.ఎస్. బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. మామూలుగా అది రెండు మూడేళ్లే వస్తుంది. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు ఇన్వర్టర్ వెనక చూడండి. చాలావాటికి అక్కడో చిన్న స్విచ్ ఉంటుంది. దాన్ని 'యు.పి.ఎస్.' వైపు పెడితే కరెంటు పోగానే చప్పున మారుతుంది. రెండోవైపు ఉంటే ఫ్యానుకీ లైటుకీ ఫరవాలేదుగానీ, ఆ ఆలస్యానికి కంప్యూటర్ ఆగి మొదలవుతుంది. పైసా ఖర్చు లేని రిపేరు!

వేళాపాళా లేకుండా ఆగితే

ముందు తేలికైనవి చూడండి. కరెంటు తీగ సి.పి.యు. వెనక గట్టిగా కూర్చుందా? పవర్ బటన్, రీసెట్ బటన్ జిడ్డుకి లోపలికి ఇరుక్కుపోయాయా? ఆ తర్వాత ర్యామ్. స్కేలుముక్కలా ఉండే సన్నటి పలక అది. ప్లగ్గు తీసి, రెండు చివర్ల క్లిప్పులు వెనక్కి నొక్కితే పైకొస్తుంది. బంగారురంగు అంచుని పిల్లల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపి, మళ్లీ టిక్కుమనేదాకా గుచ్చండి. భయమనిపిస్తే చేయించుకోండి, చిన్నతనం లేదు.

విండోస్ మొదలవకముందే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కుతూ ఉంటే చాలా కంప్యూటర్లలో బయోస్ అనే తెర వస్తుంది. ఏమీ మార్చకుండా అక్కడే అరగంట వదిలేయండి. అక్కడ కూడా ఆగిందంటే తప్పు విండోస్‌ది కాదు. కరెంటుదో, లోపలి సామానుదో. అప్పుడు ఫార్మాట్ కొట్టించినా ఫలితం ఉండదు, ఉన్నవి పోవడం తప్ప. మదర్‌బోర్డు మీద చిన్న చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లుంటాయి. వాటి నెత్తి ఉబ్బినా, ఏదైనా కారినట్టు కనిపించినా బోర్డు నిజంగానే చెడినట్టు. 2000 తర్వాత కొన్నేళ్లపాటు తయారైన చాలా బోర్డులు ఈ జబ్బుతోనే పోయాయి.

ఫలానా రోజునించి, ఫలానా పని చేస్తుంటే ఆగితే

అప్పుడు అనుమానం ప్రోగ్రాముల మీద. ఆ రోజు కొత్తగా ఏం ఎక్కించారో గుర్తు తెచ్చుకుని తీసేయండి. ఇదేమీ కొత్త సంగతి కాదు. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వైరస్‌లాంటిది వచ్చి, నిమిషంలో ఆగిపోతానని తెరమీద చెప్పి మరీ కంప్యూటర్లని ఆపేసింది. 2024 జూలై 19న ఒక భద్రతా ప్రోగ్రాముకి వచ్చిన తప్పు అప్‌డేట్‌వల్ల ప్రపంచంలో సుమారు 85 లక్షల కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. పాపం, చాలావి మొదలవడం, ఆగడం, మళ్లీ మొదలవడం... మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఒక్క మదర్‌బోర్డు కూడా చెడలేదు!

పెద్ద తప్పు జరిగినప్పుడు విండోస్ నీలం తెరమీద అదేమిటో రాస్తుంది. కొత్త విండోస్ 11లో ఆ తెర నల్లగా ఉంటుంది. కానీ మనం చదివేలోపే మళ్లీ మొదలైపోతుంది. అలా కాకుండా ఆపొచ్చు. స్టార్ట్ దగ్గర 'వ్యూ అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్' అని వెతకండి. 'స్టార్టప్ అండ్ రికవరీ' కింద సెట్టింగ్స్ నొక్కి, 'ఆటోమేటికల్లీ రీస్టార్ట్' ముందున్న టిక్కు తీసేయండి. ఇక ఆ తెర కదలకుండా ఉంటుంది, ఫోన్లో ఫోటో తీసి తెలిసినవాళ్లకి చూపించండి. స్టార్ట్‌లోనే 'రిలయబిలిటీ' అని వెతికితే ఏ రోజు ఏం చెడిందో ఎర్ర గుర్తులతో చూపిస్తుంది. అచ్చు మన పాల లెక్కలాగే!

చివరికేమైంది?

ఆ ఆదివారం మా ఆడపడుచు కొడుకు వచ్చాడు. ఇద్దరం కూర్చుని దుమ్ము దులిపాం, వాడు పేస్టు రాశాడు. అయిన ఖర్చు పేస్టుకీ బ్రష్షుకీ కలిపి మూడు వందల లోపు. బల్లని వంటింటి గుమ్మం దగ్గర్నించి కిటికీ వైపు జరిపాం, సి.పి.యు.ని అరలోంచి బయటికి తీసి గోడకి జానెడు దూరంలో పెట్టాం. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆగలేదు. మావారు మాత్రం "నేను ముందే అనుకున్నాను, దుమ్మే అయ్యుంటుందని" అన్నారు. పోనీలెండి!

షాపు అబ్బాయి నన్ను మోసం చేద్దామనుకున్నాడని అనను. వాడు చూసింది రెండు నిమిషాలు, నేను చూసింది నాలుగు రోజులు. ఇంట్లో వస్తువు ఎప్పుడు ఎలా ఉంటుందో మనకి తెలిసినంతగా బయటివాళ్లకి తెలియదు. ఆ తెలిసింది కాగితం మీద పెడితే చాలు, రిపేరుకొచ్చినవాళ్లు కూడా మనమాట వింటారు.

గుర్తుంచుకోండి

* ఆగడం మొదలవగానే ముందు ఫోటోలూ లెక్కలూ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. రిపేరు ఆ తర్వాతే.
* తేదీ, వేళ, అప్పుడు చేస్తున్న పని, ఇంట్లో నడుస్తున్న ఇతర సామాను రాసుకోండి.
* కాపీ చేతికి రాకుండా ఫార్మాట్‌కి ఒప్పుకోకండి.
* మూడు నెలలకోసారి బయటి గాలి కన్నాలూ, ఏడాదికోసారి లోపలా దుమ్ము దులపండి.
* కాలిన వాసన గానీ పొగ గానీ వస్తే స్విచ్ కట్టేసి ప్లగ్గు తీయండి. మళ్లీ వేసి చూడకండి.

మా అత్తగారి కొలతలు ఇప్పుడు మూడుచోట్ల ఉన్నాయి. కంప్యూటర్లో, పెన్‌డ్రైవ్‌లో, ఒకటి ప్రింటు తీసి వంటింటి అలమరలో. ఆ ప్రింటుమీద అప్పుడే నూనె మరక కూడా పడింది. ఆవిడుంటే సంతోషించేవారు. మరి మీ కంప్యూటర్లో ఎవరున్నారు? ఈ రోజే కాపీ తీసి పెట్టుకోండి.