పాత రాళ్ళ ఉంగరముల పనితనము

మన గ్రామములలో తాతల నాటి రాళ్ళ ఉంగరములు కొన్ని ఇండ్ల పెట్టెలలో నేటికిని ఉన్నవి. వాటిని తూకమునకమ్మి కరగించుట తేలిక. అట్టిదానిని మరల చేయించుట మాత్రము బహుకష్టము.

వీటిలో పెక్కింటికి వెనుకభాగము మూసియుండును. వజ్రము క్రింద వెండి రేకు, కెంపు క్రిందనైతే ఎఱ్ఱరంగు పూసిన రేకు పరచెడివారు. లోనికి దిగిన వెలుగు ఆ రేకును తాకి మరలివచ్చుటచేత, చమురుదీపము ముందు సైతము రాయి మెరయును. కుందనపు పనిలో గుంటను లక్కతో నింపి, రేకు పరచి, రాతిని కూర్చి, మేలిమి బంగారపు రేకును అంచు చుట్టును ఒత్తుదురు. మేలిమి బంగారము నిప్పు లేకయే తనలో తాను అతుకుకొనును. ఎంత ఒత్తవలెనో చేతికే తెలియవలెను! 1720వ దశకమున బ్రెజిలులో వజ్రములు బయటపడువరకు లోకమునకు వజ్రములు ముఖ్యముగా మన దేశమునుండియే పోయినవి. పేరొందిన కొల్లూరు, పరిటాల గనులు కృష్ణా ప్రాంతములోనివే. నాటి పనివారు రాతి బరువు తరుగకుండ సానపట్టెడివారు. కావున పలకలు హెచ్చుతగ్గులుగా నున్నచో దానిని లోపముగా మేము ఎంచము.

ఇట్టి ఉంగరమును కుంకుడు రసములో నానవేయరాదు. తడి చేరిన రేకు నల్లబడి రాయి వెలవెలబోవును. మెత్తని పొడిగుడ్డతో తుడిచిన చాలును. రాయి కదలినచో కుందనపు పని తెలిసిన కంసాలికే చూపవలెను. నిప్పు తగిలిన లక్క కరగిపోవును.