పాత కారు కొనేముందు: ఆ లోపం నూటికి ఎన్ని బండ్లకు?



హాస్టల్ వార్షికోత్సవ సంచికల్లో చదువుల గురించి, పోటీ పరీక్షల గురించి వ్యాసాలు ఉండనే ఉంటాయి. మేము మాత్రం పాత కారు గురించి రాయదలచుకున్నాం. దానికి కారణం ఉంది. మన హాస్టల్లో చదివిన వాళ్ళందరికీ ఉద్యోగాలు రాలేదు. కొందరు అన్నలు డ్రైవింగ్ నేర్చుకుని, కారు కొని, ట్యాక్సీ తిప్పుకుంటూ ఇల్లు నడుపుతున్నారు. కొత్త కారుకు డబ్బు చాలదు కాబట్టి సెకండ్ హ్యాండ్ చూస్తారు. ఆ డబ్బు ఎలాంటిదో మనందరికీ తెలుసు. అమ్మ డ్వాక్రా సంఘంలో తీసిన అప్పు, నాన్న అమ్మిన గేదె, పెట్టెలో మిగిలిన ఒకటి రెండు తులాల బంగారం అందులో ఉంటాయి. కారు మూడో నెలలో షెడ్డుకు చేరితే సంపాదన ఆగుతుంది గానీ ఫైనాన్స్ వాడి కిస్తీ ఆగదు.

కారు కొనేముందు మనం నలుగుర్ని అడుగుతాం. "ఆ బండి జోలికి పోకురా, గేర్‌బాక్స్ పోతుంది" అంటాడు ఒకాయన. "నా దగ్గర అయిదేళ్ళుగా ఉంది, ఇంతవరకు షెడ్డు మొహం చూడలేదు" అంటాడు ఇంకొకాయన. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. మరి ఎవరి మాట పట్టుకోవాలి? మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసింది మేమే మొదలు. ఇప్పుడు పీజీలో గణాంకశాస్త్రం చదువుతున్నాం. తరగతిలో విన్న లెక్క ఇంటి అవసరానికి పనికిరాకపోతే ఆ చదువుకు విలువేముంది? ఆ ఉద్దేశంతోనే నాలుగు మాటలు రాస్తున్నాం.

ఎన్ని అని కాదు, ఎన్నింటికి ఎన్ని అని

మన హాస్టల్లో పది మందికి జ్వరం వచ్చిందని ఎవరైనా చెబితే ముందు ఏం అడగాలి? హాస్టల్లో మొత్తం ఎంతమంది ఉన్నారని అడగాలి. మూడు వందల మందిలో పది మంది అయితే ఒక సంగతి, నలభై మందిలో పది మంది అయితే ఇంకో సంగతి. కార్లకూ ఇదే వర్తిస్తుంది.

ఒక ఊహ లెక్క చూద్దాం. ఒక రకం కారు లక్ష అమ్ముడైంది. గేర్‌బాక్స్ చెడిందని 500 మంది చెప్పారు. ఇంకో రకం 2,000 మాత్రమే అమ్ముడైంది. అదే లోపం 100 మంది చెప్పారు. మన చెవిన ఎక్కువగా పడేది మొదటి కారు గురించే, ఎందుకంటే చెప్పేవాళ్ళు అయిదు రెట్లు ఉన్నారు. కానీ మొదటిదానిలో లోపం 200 బండ్లకు ఒకటి, రెండోదానిలో 20 బండ్లకు ఒకటి. అంటే తక్కువ చెడ్డపేరు ఉన్న కారుకే పదింతల ప్రమాదం. బాగా అమ్ముడైన కారు మీద ఫిర్యాదులు ఎక్కువ వినబడడం సహజం. ఫిర్యాదు వినగానే కింద పెట్టి భాగించే సంఖ్య ఎంత అని అడగడం అలవాటు చేసుకోవాలి.

ఒక్క మెతుకు చాలదు

అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. ఎందుకు చాలుతుంది? గిన్నె ఒకటే, మంట ఒకటే, బియ్యం ఒకటే కాబట్టి. కార్లు అలా కావు. ఒకటి సముద్రం పక్కన ఉప్పుగాలిలో తిరిగి ఉంటుంది, ఒకటి ఘాట్ రోడ్డులో, మరొకటి సొంత అవసరానికి ఆదివారం మాత్రమే. ఒక్క కారును చూసి అన్నింటికీ చెప్పలేం.

పది కార్లు చూసినా ఎంత తెలుస్తుందో లెక్కగట్టవచ్చు. ఒక లోపం నూటికి అయిదు బండ్లకు ఉందనుకోండి. మనం పది మంది ఓనర్లను అడిగితే పదిమందీ "మా బండికి ఏమీ కాలేదు" అనే అవకాశం నూటికి 60 వరకు ఉంది. పదిసార్లు 0.95ని గుణించి చూస్తే మీకే తెలుస్తుంది. కనీసం ఒక్క చెడ్డ బండైనా ఎదురుపడుతుందని నూటికి 95 పాళ్ళు నమ్మకం కావాలంటే దాదాపు 60 మందిని అడగాలి. కాబట్టి "మా చుట్టాల్లో ముగ్గురికి ఉంది, ఎవరికీ ఏమీ కాలేదు" అన్న మాట మనసుకు ధైర్యం ఇస్తుందే తప్ప, లోపం అరుదు అని రుజువు చేయదు.

చెప్పేది ఎవరు?

కారు బాగా నడుస్తున్నవాడు ఊరంతా తిరిగి చెప్పడు. డబ్బు పోయినవాడు పదిమందికి చెబుతాడు. అందుకని లోపం ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. మెకానిక్‌దీ అదే పరిస్థితి. ఆస్పత్రిలో డాక్టరుకు రోగులే కనిపించినట్టు షెడ్డులో ఆయనకు చెడిన బండ్లే కనిపిస్తాయి.

దీనికి తిరకాసు కూడా ఉంది. లోపం మొదలైందని పసిగట్టిన ఓనరు బండిని అమ్మేస్తాడు, బయటకు చెప్పడు. బ్రోకరు అసలే చెప్పడు. అందువల్ల ఉన్నదానికంటే చిన్నగా కనిపించే అవకాశమూ ఉంది. ఏ మాటనూ పూర్తిగా కొట్టేయకూడదు, పూర్తిగా నమ్మకూడదు. చెప్పేవాడికి ఆ మాటవల్ల లాభం ఏమిటో ఒకసారి ఆలోచించాలి.

ఇంకా పరీక్ష రాయనివాడు

పరీక్ష రాయని విద్యార్థిని పాసయ్యాడని అనలేం కదా. కొన్ని లోపాలు 80,000 కిలోమీటర్లు దాటాకగానీ బయటపడవు. మార్కెట్లోకి వచ్చి రెండేళ్ళయిన కారుకు "ఫిర్యాదులే లేవు" అంటే, చాలా బండ్లు ఇంకా అంత దూరం తిరగలేదని కూడా అర్థం కావచ్చు. అందుకే లోపం ఎంత సాధారణం అని అడిగేటప్పుడు "ఎన్ని కిలోమీటర్ల దగ్గర" అని కలిపి అడగాలి. ఈ విషయంలో ట్యాక్సీ డ్రైవర్లు మనకు మంచి గురువులు. సొంత కారు ఏడెనిమిది ఏళ్ళలో తిరిగే దూరం వాళ్ళ కారు రెండు మూడేళ్ళలో తిరిగేస్తుంది.

పేరు ఒకటే, బండ్లు వేరు

ఇక్కడ రెండు నిజమైన ఉదాహరణలు చెబుతాం. మొదటిది మనం కొనే కారు కాదు, కానీ దాని లెక్క బయటపడింది కాబట్టి పాఠంగా పనికివస్తుంది. పోర్షే అనే జర్మన్ కంపెనీ 1990ల చివర్లో బాక్స్‌టర్, 911 కార్లకు ఒక కొత్త ఇంజిన్ పెట్టింది. దాని లోపల ఇంటర్మీడియట్ షాఫ్ట్‌ను మోసే ఒక బేరింగ్ ఉంటుంది. అది విరిగితే చాలాసార్లు ఇంజిన్ మొత్తం పాడవుతుంది. "ఆ కారు ఇంజిన్ పేలిపోతుంది" అని ప్రపంచమంతా చెప్పుకున్నారు. అమెరికాలో కొన్నవాళ్ళు కోర్టుకు వెళ్ళారు. 2001 మే నుంచి 2005 ఫిబ్రవరి మధ్య తయారైన కార్ల గురించి ఆ వ్యాజ్యం నడిచింది. అందులో బయటపడి ప్రచారంలోకి వచ్చిన లెక్క ఏమిటంటే, ఒక వరస గుండ్లు ఉన్న బేరింగ్ చెడినవి సుమారు 8 శాతం, అంతకుముందు వాడిన రెండు వరసల బేరింగ్ చెడినవి దాదాపు 1 శాతం. కారు పేరు అదే, బయట రూపం అదే. లోపల బేరింగ్ మారేసరికి ప్రమాదం ఎన్నో రెట్లు మారింది. చెడ్డపేరు మాత్రం అన్నింటికీ సమానంగా వచ్చింది.

రెండోది మన రోడ్ల మీదిదే. 2021 సెప్టెంబరులో మారుతి సుజుకి కంపెనీ సియాజ్, ఎర్టిగా, విటారా బ్రెజ్జా, ఎస్-క్రాస్, ఎక్స్‌ఎల్6 పెట్రోలు కార్లలో 1,81,754 బండ్లను వెనక్కి పిలిచింది. మోటార్ జనరేటర్ యూనిట్ అనే భాగంలో లోపం ఉండవచ్చని, ఉచితంగా పరీక్షించి అవసరమైతే మారుస్తామని ప్రకటించింది. మన దగ్గర ఎర్టిగా ట్యాక్సీగా తిరగడం మనం చూస్తూనే ఉన్నాం. ఈ ప్రకటన నుంచి రెండు సంగతులు గ్రహించాలి. 1,81,754 బండ్లు చెడిపోయాయని దాని అర్థం కాదు, అన్నింటినీ చూడాలి అని మాత్రమే. ఇక రెండోది, అది ఆ పేరున్న కార్లన్నింటికీ కాదు. 2018 మే 4 నుంచి 2020 అక్టోబరు 27 వరకు తయారైన వాటికే. కాబట్టి కొనేవాడు అడగవలసింది "ఎర్టిగాలో లోపం ఉందట కదా" అని కాదు. "ఈ బండి ఏ నెలలో తయారైంది? దీనికి ఆ పని చేయించారా?" అని అడగాలి. ఛాసిస్ నంబరు చెబితే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఆ వివరం చూసి చెబుతారు.

లెక్కలు ఎక్కడ దొరుకుతాయి?

జర్మనీలో ఏడీఏసీ అనే వాహనదారుల సంఘం రోడ్డు మీద ఆగిపోయిన బండ్ల లెక్కను ప్రతి ఏటా వెయ్యి బండ్లకు ఇన్ని అని ప్రచురిస్తుంది. అక్కడి టీయూవీ సంస్థలు తప్పనిసరి తనిఖీలో ఏ వయసు కార్లలో ఎంత శాతానికి పెద్ద లోపాలు కనిపించాయో మోడల్ వారీగా చెబుతాయి. భాగించే సంఖ్య ఉంది కాబట్టే ఆ లెక్కలకు విలువ.

మన చట్టం కూడా ఇదే దారి పట్టింది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 110ఎ సెక్షన్ వచ్చింది. లోపమున్న వాహనాలను వెనక్కి పిలవమని కంపెనీని ఆదేశించే అధికారం దాని ద్వారా కేంద్ర ప్రభుత్వానికి లభించింది. 2021 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం ఏడేళ్ళలోపు వాహనాలకు, ఏడాదిలో ఎన్ని అమ్ముడయ్యాయో దాన్నిబట్టి ఎన్ని ఫిర్యాదులు రావాలో నిర్ణయించారు. ఫిర్యాదులను అమ్మకాలతో పోల్చి చూడాలన్న సూత్రం అందులోనూ ఉంది. అయితే ఇది రోడ్డు భద్రతకు, పర్యావరణానికి ముప్పు తెచ్చే లోపాలకు సంబంధించినది. క్లచ్ ప్లేటు త్వరగా అరిగిపోతుందన్న బాధ దీనికిందకు రాదు. దానికి మన విచారణ మనమే చేసుకోవాలి.

మనం చేయగలిగిన విచారణ

1. ఆ రకం బండ్లు ఎక్కువగా వచ్చే షెడ్డుకు వెళ్ళి, "ఈ కారు మంచిదేనా అన్నా?" అని అడగకండి. "నెలకు ఇవి ఎన్ని వస్తాయి? అందులో గేర్‌బాక్స్ పనికి వచ్చినవి ఎన్ని? అవి ఎన్ని కిలోమీటర్లు తిరిగినవి?" అని అడగండి. ఒక్క షెడ్డుతో ఆగక, సంబంధం లేని మరో రెండు షెడ్లలో ఇదే అడగండి.

2. స్పేర్ పార్టుల షాపులో ఆ భాగం ఎప్పుడూ ఉంచుతారా, ఆర్డరు మీద తెప్పిస్తారా కనుక్కోండి. తరచుగా అమ్ముడుపోయే సామాను షాపువాడు ఉంచుతాడు. ధర కూడా అక్కడే తెలుస్తుంది.

3. ట్యాక్సీ స్టాండులో ఆ బండి నడిపేవాళ్ళందరినీ అడగండి. నష్టపోయినవాళ్ళనే కాదు, ఏమీ కానివాళ్ళనూ లెక్కలో వేయండి. కాగితం మీద రెండు గీతల వరసలు పెట్టుకోండి, చెడినవి ఒక పక్క, చెడనివి ఒక పక్క.

4. లోపం ఏ సంవత్సరం బండ్లకు, పెట్రోలుకా డీజిలుకా, మామూలు గేర్లకా ఆటోమేటిక్‌కా అని విడదీసి అడగండి.

5. ఆఖరుగా మన ముందున్న బండిని చూడండి. ఆర్సీలో తయారీ నెల, సర్వీసు రికార్డు, ఆ భాగం మార్చిన బిల్లు చూడాలి. మీటరు తిప్పేసిన బండ్లు ఉంటాయి కాబట్టి మీటరు అంకెను సర్వీసు రికార్డుతో సరిపోల్చాలి. మన మనిషి అయిన మెకానిక్‌కు నాలుగైదు వందలు ఇచ్చి చూపించడం ఖర్చు కాదు. నూటికి ఎన్ని అన్నది మనకు తెలియని బండ్ల సంగతి. ఈ బండి అందులో ఏ పక్కన ఉందో చెప్పేది ఈ తనిఖీయే.

సగటు కడుపు నింపదు

ఇంత విచారించి లోపం నూటికి 8 అని తేలిందనుకోండి, బాగుచేయడానికి 60,000 రూపాయలు అవుతుందనుకోండి. సగటున ఒక్కో బండికి 4,800 రూపాయల భారం. ఆ కారు దాని సాటి కారుకంటే 20,000 చవకగా వస్తుంటే లెక్క ప్రకారం లాభమే. పుస్తకం ఇక్కడితో ఆగిపోతుంది. మనం ఆగకూడదు.

సగటున తలా ఒక గుడ్డు అందిందని మెస్ రిజిస్టరులో ఉన్నా, గుడ్డు అందని పిల్లవాడికి ఆ సగటు కడుపు నింపదు. అలాగే ఆ ఎనిమిది మందిలో ఎవరూ 4,800 కట్టరు. ఒక్కొక్కరూ 60,000 కడతారు. మిగతా తొంభై రెండు మంది ఏమీ కట్టరు. చేతిలో నిల్వ డబ్బు ఉన్నవాడు ఆ ప్రమాదాన్ని తట్టుకుంటాడు, చవక ధర లాభం పొందుతాడు. కిస్తీ కట్టడానికి రోజువారీ కిరాయి మీద ఆధారపడినవాడికి అదే 60,000 బండిని ఫైనాన్స్ వాడికి అప్పగించే పరిస్థితి తెస్తుంది. లోపం ఎంత సాధారణం అన్నది బండి ధరను బేరమాడడానికి పనికివస్తుంది. కొనాలా వద్దా అన్నది మాత్రం, ఆ లోపం మనకే వస్తే నిలబడగలమా అన్న ప్రశ్న మీద ఆధారపడుతుంది. నిలబడలేమనుకుంటే ఆ భాగం ఇప్పటికే మార్చిన బండి వెతకాలి, లేదా వారంటీ బదిలీ అయ్యే బండి చూడాలి, లేదా ఖర్చు తక్కువ లోపాలున్న రకాన్ని ఎంచుకోవాలి. మిగిలిన చవక డబ్బును ఖర్చు పెట్టకుండా రిపేరు కోసం పక్కన పెట్టుకోవడమూ ఒక పద్ధతే.

కారే కాదు, బోరు మోటారు కొన్నా, సెకండ్ హ్యాండ్ ఆటో కొన్నా, కుట్టు మిషను కొన్నా ఈ రెండు ప్రశ్నలూ వర్తిస్తాయి: ఎన్నింటికి ఎన్ని? మనకే వస్తే ఏమిటి? ఈ ప్రశ్నలు అడగడానికి పెద్ద చదువు అక్కరలేదు. భాగాహారం వస్తే చాలు. అది మనకు ఈ హాస్టల్ పక్కనున్న బడిలోనే నేర్పారు. ఇంట్లో ఎవరైనా బండి కొనబోతుంటే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు కాగితం, పెన్ను పట్టుకుని వాళ్ళ వెంట వెళ్ళండి.