రైలాగితే రాత్రే!
గని నుంచి బల్బు దాకా... జ్యోతినగర్ చెప్పే ఆపరేషన్స్ పాఠం

ఎంబీఏ అనగానే ఇళ్లలో వినిపించే పేర్లు మూడే. ఫైనాన్స్, మార్కెటింగ్, హెచ్‌ఆర్. 'మా అబ్బాయి ఆపరేషన్స్ చదువుతున్నాడు' అంటే, 'డాక్టరు కోర్సా?' అని అడిగే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు! నిజానికి అది కోత, కుట్టు లేని వ్యవహారం. సరుకు, యంత్రం, మనిషి, సమయం... ఈ నాలుగూ వృథా కాకుండా, ఎక్కడా ఆగకుండా పని నడిపించే విద్య. పట్నంలో దీన్ని పుస్తకంలో చదువుకుంటారు. రామగుండం, గోదావరిఖని వాళ్లకైతే కిటికీ తెరిస్తే కనిపిస్తుంది.

రోజుకు 40 వేల టన్నులు

1978 నవంబరు 14న అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ ఇక్కడి సూపర్ థర్మల్ కేంద్రానికి పునాదిరాయి వేశారు. 1983లో తొలి యూనిట్ మొదలైంది. 200 మెగావాట్లవి మూడు, 500 మెగావాట్లవి నాలుగు... మొత్తం 2,600 మెగావాట్లు. ఆ కేంద్రంలో పనిచేసేవాళ్ల కోసం వెలిసిన కాలనీయే జ్యోతినగర్. పక్కనే 800 మెగావాట్ల తెలంగాణ యూనిట్లు రెండు 2023, 2024ల్లో తోడయ్యాయి.

ఒక యూనిట్ కరెంటుకు దాదాపు 600 నుంచి 700 గ్రాముల బొగ్గు కాలాలి. ఆ లెక్కన పాత ఏడు యూనిట్లూ పూర్తిస్థాయిలో నడిస్తే రోజుకు 40 వేల టన్నుల దాకా కావాలి. పెద్ద గూడ్సు రైలు ఒకటి మోసేది నాలుగు వేల టన్నులకు అటూ ఇటూ. అంటే రోజుకు పది రైళ్లు!

ఇంత బొగ్గు తేవడానికి గనులకూ ప్లాంటుకూ మధ్య ప్రత్యేకంగా రైలు మార్గం వేశారు. దాని పేరు 'మెర్రీ గో రౌండ్'. జాతరలో రంగులరాట్నం లాంటిదే. గని దగ్గర నింపుకోవడం, ప్లాంటులో హాపర్ మీదికి రాగానే వ్యాగన్ల అడుగు తలుపులు తెరిచి కుమ్మరించడం, మళ్లీ గనికి పరుగు. బ్రిటన్‌లో 1960ల్లో మొదలైన పద్ధతి ఇది. రాట్నం ఎక్కడ ఆగినా ఆ ప్రభావం బాయిలర్ దాకా పాకుతుంది.

క్యూ చెప్పే నిజం

హాపర్ దగ్గర రైళ్లు ఎందుకు బారులు తీరతాయి? దీనికి జవాబు వెతకడం మొదలైంది బొగ్గు దగ్గర కాదు, టెలిఫోన్ దగ్గర. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1909లో కాల్స్ రద్దీ మీద రాసిన వ్యాసంతో క్యూ సిద్ధాంతానికి బీజం పడింది.

యంత్రం ఎంత బిజీగా ఉంటే అంత లాభమని మనం అనుకుంటాం. క్యూ లెక్క వేరే సంగతి చెబుతుంది. ఒకే హాపర్ ఉందనుకోండి. రైళ్ల రాకకూ, దించే సమయానికీ ఒక క్రమం లేదనుకోండి. హాపర్ 80 శాతం బిజీగా ఉంటే సగటున నాలుగు రైళ్లు అక్కడ ఉంటాయి. 90 శాతానికి చేరితే తొమ్మిది. 95 శాతమైతే పందొమ్మిది! పని పెరిగింది కొంచెమే, నిరీక్షణ పెరిగింది అనేక రెట్లు. ఆసుపత్రి ఓపీకైనా, బ్యాంకు కౌంటరుకైనా ఇదే సూత్రం.

వంటింటి లెక్కే!

బియ్యం ఏడాదికి సరిపడా కొంటే డబ్బు ఇరుక్కుపోతుంది, పురుగు పడుతుంది. రోజూ కిలో కొంటే తిరగలేక కాళ్లు నొప్పి. మరి ఎంత కొనాలి? అమెరికాలో ఫోర్డ్ హారిస్ అనే ఇంజినీరు 1913లో దీనికి సూత్రం కట్టారు. బొగ్గుకూ అదే చిక్కు. ఎక్కువ పేరిస్తే పెట్టుబడి ఇరుక్కుంటుంది, కుప్ప దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదమూ ఉంది. తక్కువ పెడితే ఏమవుతుందో 2021 చివర్లో దేశమంతా చూసింది. చాలా కేంద్రాల్లో బొగ్గు అడుగంటింది. దాంతో ఆ డిసెంబరులో నిబంధన మారింది. గని పక్కనున్న కేంద్రాల్లో కాలాన్ని బట్టి 12 నుంచి 17 రోజుల నిల్వ, దూరంగా ఉన్నవాటిలో 20 నుంచి 26 రోజుల నిల్వ ఉండాలి.

షిఫ్టుల మధ్య చదువు

ఉద్యోగంలో ఉన్నవాళ్లు కాలేజీకి వెళ్లి కూర్చోలేరు. అందుకే ఇలాంటివాళ్లకు దూరవిద్య ఆసరా. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఎంబీఏలో ఆపరేషన్స్ పాఠాలు ఏళ్లుగా ఉన్నాయి. ఆపరేషన్స్ రీసెర్చ్, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్, మెటీరియల్స్, మెయింటెనెన్స్... పేర్లు చూస్తే ప్లాంటు విభాగాల బోర్డుల్లా ఉంటాయి. యూనిట్‌ను ఓవరాలింగ్‌కు ఆపితే ఏ పని ముందు, ఏది వెనక, ఏ పని ఒక్కరోజు జాగైతే మొత్తం జాగవుతుంది అన్నది తేల్చే 'క్రిటికల్ పాత్' అందులోదే.

చదవడం మాత్రం అంత తేలిక కాదు. నైట్ షిఫ్ట్ దిగి వచ్చినవాళ్లకు పుస్తకం తెరవగానే కునుకు. పరీక్ష తేదీకి షిఫ్ట్ రోస్టరుతో పనిలేదు. తోటి ఉద్యోగితో డ్యూటీ మార్చుకోవాలి, సెలవు దాచుకోవాలి. పిల్లల చదువుకూ తండ్రి చదువుకూ ఒకటే బల్ల. ఇంట్లోవాళ్లు సర్దుకుంటేనే డిగ్రీ చేతికొస్తుంది.

డిగ్రీ తర్వాత నేరుగా చేరాలనుకునే పిల్లలకు దారులున్నాయి. పారిశ్రామిక ఇంజినీరింగ్ కోసమే 1963లో ముంబయిలో పుట్టిన నైటీ, 2023లో ఐఐఎం ముంబయిగా మారింది. ఆపరేషన్స్‌కు పెట్టింది పేరు. వరంగల్ నిట్‌లోనూ ఎంబీఏ ఉంది.

మనిషి ఏ గడిలో?

ఈ చదువుకు మరో ముఖం ఉంది. 1990ల మొదట్లో సింగరేణి కార్మికుల సంఖ్య లక్ష దాటి ఉండేది. ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉంది. బొగ్గు తగ్గిందా అంటే లేదు. 2023-24లో 70 మిలియన్ టన్నులు తీశారు. తట్టా చెమ్మస్‌ల బాయిల స్థానంలో ఓపెన్‌కాస్టులు, భారీ యంత్రాలు వచ్చాయి. లెక్కల్లో దాన్ని ఉత్పాదకత అంటారు. తండ్రి ఉద్యోగం కొడుక్కొస్తుందని ఎదురుచూసిన ఇంట్లో దాని పేరు వేరు.

మార్పు ఆగలేదు కూడా. 1971 నాటి 62.5 మెగావాట్ల రామగుండం-బి కేంద్రం 2024లో మూతపడింది. ఎన్టీపీసీ రిజర్వాయరు మీద 100 మెగావాట్ల సౌర ఫలకాలు 2022 నుంచి తేలుతున్నాయి. మధ్యాహ్నం ఎండ కరెంటు పెరిగినప్పుడు బొగ్గు యూనిట్ తగ్గాలి, పొద్దుగూకగానే మళ్లీ పుంజుకోవాలి. కొత్త చిక్కు, కొత్త లెక్క.

ఆ లెక్క ఎవరో ఒకరు వేయాల్సిందే. బాయి దిగిన తండ్రి కష్టం తెలిసిన బిడ్డ వేస్తే, ఖర్చు గడిలో మనిషిని కేవలం అంకెగా రాసేముందు ఒక్క క్షణం ఆగే అవకాశముంది. ఈ ప్రాంతం పిల్లలు ఈ చదువు చదవాలనడానికి ఉద్యోగం ఒక్కటే కారణం కాదు.