పేరు తెలియని గిటారు: మంచిచెడ్డల పరీక్ష

గిటారు మన వాద్యము కాకపోయినను మన ఊళ్ళకు కొత్తది కాదు. పాశ్చాత్య స్వరలిపియు ఈ సీమకు పరాయిది కాదు. ‘జనగణమన’ బాణీకి మార్గరెట్ కజిన్స్ స్వరలిపి కూర్చినది 1919లో మదనపల్లె కళాశాలలోనే. అయినను బైరెడ్డిపల్లెలోనో, పుంగనూరులోనో ఒక విద్యార్థి గిటారు కొనదలచినచో అది సాధారణముగా బెంగుళూరు నుండియో, చెన్నై నుండియో రావలెను. లేదా ఇంకొకరు వాడి విడిచినది చేతికి అందవలెను. దాని తలపై ఏదో ఒక పేరు బంగారు రంగు అక్షరములలో మెరయుచుండును. ఆ పేరు ఇంతకుముందు ఎవరును విన్నది కాదు. వెల మాత్రము తండ్రి రెండుమారులు ఆలోచించి ఇయ్యవలసినంత ఉండును.

వాద్యము చెడ్డదైనచో పోవునది డబ్బు మాత్రమే కాదు. మెట్లు తప్పుగా అమర్చిన గిటారుపై ఎంత సాధన చేసినను స్వరము శ్రుతిలో పలుకదు. తనకు చెవి లేదనుకొని పిల్లవాడు దానిని అటకపై పెట్టును. తప్పు చెవిది కాదు, కొలతది.

మొదట పేరు సంగతి చూతము. తలపైనున్న పేరు చేసినవాని పేరే కానక్కరలేదు. అమెరికాలో సియర్స్ అను వర్తకసంస్థ ‘సిల్వర్‌టోన్’ పేరుతో వేలకొలది గిటార్లను అమ్మినది. వానిలో పెక్కింటిని చేసినది చికాగోలోని హార్మొనీ కర్మాగారము. నేటికిని అదే పద్ధతి సాగుచున్నది. చైనాలోనో, ఇండొనేషియాలోనో ఒకే కర్మాగారము పలువురు వర్తకులకు పలు పేర్లతో గిటార్లు చేసి పంపును. పేరును బట్టి దేశమును ఊహించుటయు పొరపాటే. యమహా జపాను సంస్థయే గాని దాని గిటార్లు చైనాలోను, ఇండొనేషియాలోను, మన చెన్నై సమీపమునను కూడ తయారగుచున్నవి. నాదరంధ్రములోనుండి చూచినచో కనుపించు కాగితపు చీటీ, లోపలి కొయ్య దిమ్మపై గుద్దిన ముద్ర, వరుససంఖ్య కొంత సాక్ష్యము చెప్పును. అయితే చీటీని ఎవరైనను అతికింపవచ్చును.

బొబ్బిలి వీణ విషయము వేరు. గొల్లపల్లిలో చేయు ఏకాండి వీణ ఒకే పనసమానునుండి తొలిచినది. కుండకును దండికిని నడుమ అతుకు కనబడదు. అక్కడ నిర్మాణమే పుట్టుకను చెప్పును. పైగా దానికి చట్టరీత్యా భౌగోళిక గుర్తింపు కలదు. గిటారు అట్లు కాదు. అనేక పలకలను జిగురుతో అతికి చేయు ఈ పెట్టెను ఏ దేశమునందైనను ఒకే నమూనాలో చేయవచ్చును. కనుక పుట్టుకను గూర్చిన వెదకులాట కొంతవరకే ఫలించును. పనితనమును పరీక్షించుటయే మేలైన దారి. అందుకు ఒక కొలబద్ద, ఒక చిన్న అద్దము, ఒక టార్చిలైటు చాలును.

కొలబద్దతో ప్రారంభింపవలెను. తంత్రి పొడవు సగమైనచో పౌనఃపున్యము రెట్టింపగును. ఈ అంతరమును 12 సమభాగములుగా చేసినచో ఒక్కొక్క మెట్టుకు పౌనఃపున్యము సుమారు 1.0595 రెట్లు పెరుగవలెను. కావున మేరువునుండి మొదటి మెట్టు, తంత్రి పొడవును 17.817తో భాగించినంత దూరమున ఉండును. రెండవది, మిగిలిన పొడవును మరల అదే సంఖ్యతో భాగించినంత దూరమున. తంత్రి పొడవు 650 మిల్లీమీటర్లు అనుకొన్నచో మొదటి మెట్టు 36.5 వద్దను, ఐదవది 163 వద్దను, ఏడవది 216.2 వద్దను, పన్నెండవది సరిగా 325 వద్దను ఉండవలెను.

ఈ సంఖ్యకు ఒక చరిత్ర యున్నది. గెలీలియో తండ్రి విన్‌చెంజో గెలీలీ సంగీతజ్ఞుడు. ఆయన 1581లో ప్రకటించిన గ్రంథములో మెట్లకు 18:17 నిష్పత్తిని సూచించెను. అనగా 17.817కు బదులు 18. తేడా అల్పమే యని తోచును. కాని 650 మిల్లీమీటర్ల తంత్రిపై ఈ లెక్క ప్రకారము పన్నెండవ మెట్టు 322.6 వద్దకు వచ్చును, 2.4 మిల్లీమీటర్లు తక్కువ. ఒక అర్ధస్వరమును నూరు భాగములు చేసినచో, పలుకు స్వరము సుమారు పన్నెండు భాగములు దిగిపోవును. చెవి ఉన్నవారికి ఇది తెలియును. ఆ మెట్టువద్ద ఒక్క మిల్లీమీటరు తప్పైనను అయిదు భాగముల అపశ్రుతి.

పన్నెండవ మెట్టునుండి గుర్రము వరకు కొలిచినపుడు రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చినచో కంగారుపడనక్కరలేదు. వ్రేలితో నొక్కినపుడు తంత్రి కొంచెము సాగి స్వరము హెచ్చును. దానిని సరిపుచ్చుటకై గుర్రమును బుద్ధిపూర్వకముగనే వెనుకకు జరుపుదురు. సరిపోయినదో లేదో చెవితోనే తేల్చవచ్చును. పన్నెండవ మెట్టుమీద తంత్రిని నొక్కక, వ్రేలితో మెల్లగా తాకి మీటవలెను. పిదప అక్కడనే నొక్కి మీటవలెను. రెండు స్వరములును ఒక్కటిగా వినబడవలెను. లెక్కల తరగతిలో గుణశ్రేఢికి ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకుట అరుదు.

తరువాత కొయ్య. గిటారు స్వరమునకు ప్రాణము పైపలక. దీనికి సాధారణముగా స్ప్రూస్ అను శీతలదేశపు మానును వాడుదురు. తేలికగా ఉండియు, ఈనె వెంట గట్టిగా ఉండుట దాని గుణము. ఈనె వెంట ధ్వని సెకనుకు 5,000 మీటర్లకు పైగా పరుగెత్తును. పైపలక ఏకపలకయో, పొరల కొయ్యయో తెలిసికొనుటకు నాదరంధ్రపు అంచును చూడవలెను. పైనున్న ఈనె గీతలు అంచుమీదుగా లోనికి దిగినచో అది ఏకపలక. అడ్డముగా పొరలు కనుపించినచో ప్లైవుడ్. వెనుక పలకకు ఇంకొక పరీక్ష కలదు: వెలుపల కనుపించు ఈనె తీరు లోపల అదే చోట అద్దములో కనుపించవలెను. చాల గిటార్లకు ‘రోజ్‌వుడ్’ అని వ్రాసియుండును. అసలు రోజ్‌వుడ్డులలో ఒకటి మన ఇరుగుడు మానే. అమెరికాలోని మార్టిన్ సంస్థ బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకుట కష్టమై 1969లో దీనివైపు తిరిగినది. కాని చౌకవానిలో పెక్కింటికి ఇది పైపొర మాత్రమే, లేదా వట్టి రంగు.

ప్లైవుడ్డు అనగానే పారవేయరాదు. అది నాదమున కొంత మందము. అయినను ఎండకు తొందరగా పగులదు. నేర్చుకొనువానికి శ్రుతి తప్పిన ఏకపలక గిటారుకంటె శ్రుతి తప్పని ప్లైవుడ్ గిటారే నయము.

ఉక్కుతంత్రులు ఆరును కలిసి పెట్టెపై సుమారు 70 కిలోల బరువంత లాగును. నైలాను తంత్రుల లాగుడు సుమారు 40 కిలోలే. నైలానుకై చేసిన గిటారుకు ఉక్కుతంత్రులు బిగించినచో గుర్రము పైకి లేచును, మెడ వంగును. వాడిన గిటారు కొనునపుడు గుర్రము వెనుక పలక ఉబ్బినదేమో, గుర్రము క్రింద కాగితము దూరునంత సందు ఉన్నదేమో చూడవలెను. మెడలో సవరింపదగిన ఉక్కుకడ్డీ ఉన్నచో స్వల్పమైన వంపును సరిచేయవచ్చును. మెడ మెలి తిరిగినదైనచో వెల ఎంత తగ్గించినను తీసికొనరాదు.

తంబురా విని పెరిగిన చెవి ఇచ్చట ఒక పొరపాటు చేయును. తంబురాలోను, వీణలోను గుర్రము వెడల్పుగా వంపుదేరి యుండుటచే తంత్రి దానిని తాకుచు విడుచుచు అనేక ఉపస్వరములను పుట్టించును. సర్ సి. వి. రామన్ 1921లో ఈ విశేషమును వివరించెను. ఆ జీవము అక్కడ గుణము. గిటారు గుర్రము సన్నని అంచు. అందు జిర్రుమను మ్రోత వచ్చినచో ఏదో ఒక మెట్టు ఎత్తుగా ఉన్నదనియో, లోపలి బద్ద ఊడినదనియో అర్థము.

ఇక చివరిది చేతితో చేయు పరీక్ష. మెడ ప్రక్కగా అరచేతిని పైనుండి క్రిందికి జరుపవలెను. మెట్ల కొనలు గోటికి గుచ్చుకొన్నచో కొయ్య ఎండి కుంచించినదని తెలియును. లోహము కుంచించుకొనలేదు గనుక బయటికి పొడుచుకొని వచ్చినది. సముద్రపు తేమగాలిలో కొన్న గిటారు మన మెట్టసీమలో ఒక వేసవి గడపినచో కొంత ఇట్లగుట సహజము. దానిని ఆకురాయితో రాచి సరిచేయవచ్చును. కాని అంగడిలో క్రొత్తగా ఉండగనే గుచ్చుకొన్నచో కొయ్యను సరిగా ఆరబెట్టకయే వాడినారనుకొనవచ్చును. అట్టి కొయ్య ఇంటికి వచ్చిన పిదప కూడ కదలుచునే యుండును.