పాల చక్కెరను విడదీసే ఎంజైము : స్ఫటికం చెప్పిన సంగతి

భిలాయి అనగానే ఎవరికైనా ఉక్కు స్ఫురిస్తుంది. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా ఇక్కడి కర్మాగారం రూపుదిద్దుకున్నది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ దాని మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. దేశానికి రైలు పట్టాలు అందించే ఈ నగరంలో తెలుగు కుటుంబాలతో పాటు వివిధ రాష్ట్రాల ప్రజలు స్థిరపడ్డారు. కర్మాగారంలో తయారయ్యే ఉక్కుకూ, ఆ కుటుంబాల వంటింట్లో రాత్రి తోడు వేసిన పాలకూ పొత్తేమిటని అడగవచ్చు. ఉక్కులోని పరమాణువుల అమరికనూ, పాల చక్కెరను విడదీసే బాక్టీరియా ఎంజైము ఆకృతినీ శాస్త్రజ్ఞులు ఒకే పద్ధతితో తెలుసుకున్నారు. ఆ పద్ధతి పేరు ఎక్స్-కిరణ స్ఫటిక విజ్ఞానం.

ఇనుము చూపునకు ఏకఖండంగా కనిపించినా, నిజానికి అది అసంఖ్యాకమైన చిన్న స్ఫటికాల కూర్పు. సాధారణ ఉష్ణోగ్రత వద్ద దాని పరమాణువులు ఘనం ఎనిమిది మూలలలోనూ, నడిమధ్యనూ నిలిచి ఉంటాయి. ఆ ఘనపు భుజం సుమారు 2.87 ఆంగ్‌స్ట్రాంలు. ఆంగ్‌స్ట్రాం అంటే మిల్లీమీటరులో కోటవ వంతు. శుద్ధమైన ఇనుమును 912 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడిచేస్తే ఈ అమరికే మారిపోతుంది. ఇంత సూక్ష్మమైన దూరాలను కొలవడానికి మామూలు కాంతి పనికిరాదు. స్ఫటికంపై పడిన ఎక్స్-కిరణాలు వరుసలు తీరిన పరమాణువుల వల్ల నిర్ణీతమైన దిశలలో చెదరిపోతాయి. ఆ దిశలనుబట్టి వరుసల మధ్య దూరాన్ని లెక్కించే సూత్రాన్ని 1912లో లారెన్స్ బ్రాగ్ కనుగొన్నారు. ఆయనకూ, ఆయన తండ్రి విలియం బ్రాగ్‌కూ 1915లో నోబెల్ బహుమతి లభించింది.

లోహాలకు, లవణాలకు అన్వయించిన ఈ పద్ధతి జీవపదార్థాలకు వర్తించడానికి చాలా కాలం పట్టింది. 1926లో జేమ్స్ సమ్నర్ యూరియేజు అనే ఎంజైమును స్ఫటికరూపంలో వేరుచేసి, ఎంజైము ఒక ప్రోటీను అని చూపారు. ప్రోటీను స్ఫటికంలో దాదాపు సగం నీరే ఉంటుంది. అణువులో వేలాది పరమాణువులు ఉంటాయి. అందువల్ల మొదటి ప్రోటీను నిర్మాణం 1958 వరకు వెలువడలేదు. ఈ రంగంలో మన దేశానికి గౌరవస్థానం ఉన్నది. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి. ఎన్. రామచంద్రన్, ఆయన సహచరులు 1963లో ప్రకటించిన పటం ఆధారంగానే, ప్రోటీను గొలుసు మలుపులు సాధ్యమైనవా కావా అని నేటికీ ప్రపంచమంతటా పరీక్షిస్తున్నారు. ఇందోర్‌లోని ఇండస్-2 యంత్రంలో ప్రోటీను స్ఫటికాల పరిశీలనకు ప్రత్యేకమైన కిరణమార్గం ఉన్నది.

ఇక మన ఎంజైము సంగతి. పాలలోని చక్కెరను లాక్టోజు అంటారు. గ్లూకోజు, గాలక్టోజు అనే రెండు చిన్న చక్కెరలు జతకూడగా అది ఏర్పడింది. ఆ జతను విడదీస్తేనే అది జీవకణానికి ఆహారమవుతుంది. పాలు పెరుగుగా మారేటప్పుడు బాక్టీరియాలు చేసే మొదటి పనులలో ఇదొకటి. ఆపైన పుట్టే లాక్టిక్ ఆమ్లమే పెరుగుకు పులుపునిస్తుంది. శైశవంలో మన పేగులలోనూ ఇటువంటి ఎంజైము సమృద్ధిగా ఉంటుంది. ప్రపంచంలో అధికసంఖ్యాకులకు వయస్సు పెరిగేకొద్దీ అది తగ్గిపోతుంది. పాలు పడని వారిలో చాలామందికి పెరుగు సరిపడటానికి ఇదొక కారణం.

ఎషరీషియా కోలై అనే బాక్టీరియాలో ఈ పని చేసే ఎంజైము పేరు బీటా-గాలక్టోసిడేజు. దాని ఆకృతిని 1994లో అమెరికాలోని ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో బ్రయన్ మాథ్యూస్ బృందం వెల్లడించింది. అది ఒకేరకమైన నాలుగు గొలుసుల సముదాయం. ఒక్కొక్క గొలుసులో 1023 అమైనో ఆమ్లాలు ఉంటాయి. ప్రతి గొలుసు ఐదు భాగాలుగా ముడుచుకొని ఉంటుంది. నడిమి భాగం పీపా ఆకారంలో ఉండి, చక్కెరను పట్టుకొనే గుంటకు ఆధారమవుతుంది. ఆ గుంటలో 461వ, 537వ స్థానాలలోని రెండు గ్లుటామిక్ ఆమ్లాలు ప్రధాన కార్యకర్తలు. 537వది గాలక్టోజును తాత్కాలికంగా తనకు బంధించుకుంటుంది. 461వది గ్లూకోజు విడిపోవడానికి తోడ్పడుతుంది. తరువాత నీటి అణువు వచ్చి గాలక్టోజును విముక్తం చేస్తుంది.

అన్నింటికంటె ఆసక్తికరమైన విషయం మరొకటి ఉన్నది. ఏ గొలుసు గుంటా తనంతట తాను సంపూర్ణం కాదు. పొరుగు గొలుసు నుండి చొచ్చుకొని వచ్చిన ఒక మెలిక దానిని పూర్తిచేస్తుంది. ఈ సంగతి పాత చిక్కుముడి ఒకదానిని విప్పింది. గొలుసు మొదటి భాగం కొంత లోపించిన ఎంజైము పనిచేయదనీ, ఆ చిన్న ముక్కను విడిగా అందించినా పని మళ్ళీ మొదలవుతుందనీ 1960 దశాబ్దిలోనే పారిస్‌లో ఆగ్నెస్ ఉల్మాన్, ఫ్రాన్స్వా జాకోబ్, జాక్ మోనో గమనించారు. తెగిన ముక్కను అతికించకుండానే ఇది ఎలా సాధ్యం? ఆ ముక్క గొలుసులు ఒకదానినొకటి పట్టుకొనే చోట ఉన్నదని స్ఫటికం చూపింది. అది లేకపోతే నాలుగు గొలుసులు రెండేసిగా విడిపోతాయి, గుంటలు అసంపూర్ణంగా మిగులుతాయి. అది తిరిగి చేరితే నాలుగూ మళ్ళీ ఏకమవుతాయి.

ఈ ధర్మం ప్రయోగశాలలలో నిత్యోపయోగం అయింది. బాక్టీరియాలోకి పంపే డి.ఎన్.ఎ. వలయంలో ఆ చిన్న ముక్కకు చెందిన జన్యువును ఉంచి, దాని నడుమ కొత్త జన్యువును చేరుస్తారు. చేరిక జరగకపోతే ఎంజైము పనిచేసి, ప్రత్యేకమైన రంగు పదార్థం వల్ల బాక్టీరియా గుంపు నీలంగా కనిపిస్తుంది. జరిగితే తెల్లగా ఉంటుంది. కళాశాలల జీవసాంకేతిక విద్యార్థులు ఈ పరీక్షను చేస్తూనే ఉంటారు. 2015లో అమెరికాలో శ్రీరామ్ సుబ్రమణ్యం బృందం స్ఫటికం అవసరం లేకుండానే, ఘనీభవించిన ద్రావణంలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఇదే ఎంజైమును 2.2 ఆంగ్‌స్ట్రాంల స్పష్టతతో చూడగలిగింది.

ఉక్కు గట్టిదనం పరమాణువుల అమరికలో ఉన్నట్లే, ఎంజైము శక్తి దాని ఆకృతిలో ఉన్నది. నాలుగు గొలుసులలో ఏది పెద్ద, ఏది చిన్న అన్న ప్రశ్నకు అక్కడ తావు లేదు. ప్రతిదీ పక్కదానిని పూర్తిచేస్తుంది. అందువల్లనే నాలుగూ పనిచేస్తాయి.