మీకు తెలుసా? బోయిన్‌పల్లిలో కనిపించని అక్షరం

‘బోయిన్‌పల్లి’ అనే ప్రాంతం పేరును ఒక యాప్‌లో కాపీ చేసి మరో యాప్‌లో పేస్ట్ చేసేటప్పుడు మధ్యలో రూపం మారవచ్చు. విండోస్ క్లిప్‌బోర్డు యూటీఎఫ్-16 రూపంలో ఈ పేరుకు 24 బైట్లు పడతాయి. లినక్స్‌లో వాడే యూటీఎఫ్-8లో అయితే 36. ఏ వేదికలోని రూపం దేనికి సరిపోతుందో చూసుకోవడానికి జావాలో ‘సిస్టమ్‌ఫ్లేవర్‌మ్యాప్’ అనే పట్టిక ఉంది.

యూనికోడ్ తెలియని పాత యాప్‌లో పేస్ట్ చేస్తే సాధారణంగా ప్రశ్నార్థకాలే మిగులుతాయి. విండోస్‌లో తెలుగుకు పాత తరహా ఆన్సీ కోడ్‌పేజీ లేకపోవడమే కారణం.

అన్నిటికంటే సున్నితమైనది ‘న్’ తర్వాత దాగిన, కంటికి కనిపించని సంకేతం: యూ+200సీ. పేరులోని 12 సంకేతాల్లో అదీ ఒకటి. ఏ యాప్ అయినా దాన్ని చెత్త అనుకుని తీసేస్తే, ‘ప’ వత్తుగా మారి ‘న’ కిందికి చేరుతుంది: ‘బోయిన్పల్లి’. అలా మారిన పేరును అసలు పేరుతో వెతికితే చాలా డేటాబేసులకు దొరకదు.